పేరు, గోత్రం, ఒక అంకె

(గ్రంథాలయ సభలో ఒక విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అధ్యక్షులవారికి, గ్రంథాలయ కార్యవర్గానికి, ఈ ఉక్కపోతలో ఓపిక చేసుకొని వచ్చిన మీకందరికీ నమస్కారం. ఫ్యాను కింద చోటు దొరకనివారు నన్ను మన్నించాలి, ఎందుకంటే నేను త్వరగా ముగించే మనిషిని కానని నా దగ్గర చదువుకొన్నవారందరికీ తెలుసు.

యుద్ధం గురించి చెప్పమంటే మనం ఎవరితో మొదలుపెడతాం? పల్నాడు అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు. బొబ్బిలి అనగానే తాండ్ర పాపారాయుడు. కథ చెప్పేవాడికి నాయకుడు కావాలి, వినేవాడికీ నాయకుడే కావాలి, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ నాయకుడి వెనక నడిచినవాడు ఎవరు? వాడి ఇంట్లో ఎవరెవరున్నారు? వాడు తిరిగి రాకపోతే ఆ ఇంటికి కబురు ఎవరు తెచ్చారు, తెచ్చిన కబురులో వాడి పేరు సరిగ్గా ఉందా? కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరులకు ఉత్సవం చేస్తారు, వీరుల ఆయుధాలను బయటికి తెచ్చి పూజిస్తారు. వందల ఏళ్లనాటి యుద్ధంలో చచ్చినవాళ్లను పేరుపెట్టి తలచుకోవడం మనకు తెలియని విద్య కాదు. మరి నూరేళ్ల కిందటి యుద్ధంలో పోయినవాడి పేరు మనకెందుకు తెలియదు? ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకొన్నది ఆ పేరు గురించి మాత్రమే. మన పెద్దవాళ్లు జర్మనీ యుద్ధం అని పిలిచిన మొదటి ప్రపంచ యుద్ధంలో, అప్పట్లో మెసపొటేమియా అనే ఇప్పటి ఇరాక్‌కు వెళ్లిన మన దేశపు సిపాయి పేరు ఏమయిందన్నది నా ప్రశ్న.

ముందుగా మనకు సంబంధించిన ఒక మాట చెబుతాను. హిందుస్తానీలో సిపాయికి ఒకప్పుడు తిలంగా అనే పేరుండేది. ఎందుకుండేదో ఊహించగలరా? పద్దెనిమిదో శతాబ్దంలో పరదేశీ కంపెనీల పటాలాల్లో తొలిరోజుల్లో చేరినవాళ్లలో తెలుగు నేలమీది మనుషులు బాగా ఉన్నారు, ఆ పటాలాలు ఉత్తరాదికి వెళ్లాయి, దానితో యూనిఫారం తొడిగినవాడు ఎవడైనా అక్కడివాళ్ల నోట తిలంగా అయ్యాడు. 1857లో ఢిల్లీలో తిరుగుబాటు చేసిన సిపాయిలు ఎక్కువగా అవధ్ ప్రాంతంవాళ్లు, తెలుగు ముక్క ఎరగనివాళ్లు. అయినా ఆనాటి ఢిల్లీ ఉర్దూ కాగితాల్లో వాళ్లను తిలంగాలనే రాశారు. మన ఊరి పేరు ఒక ఉద్యోగం పేరయింది, చూడండి. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకే ఆ ఉద్యోగానికి మనం పనికిరామని తేల్చారు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్, తర్వాత మొత్తం భారత సైన్యానికే అధిపతి అయ్యాడు. దక్షిణాదివాడు పోరాడలేడని ఆయనకు గట్టి అభిప్రాయం. కొన్ని జాతులే యుద్ధానికి పుట్టాయన్న సిద్ధాంతం అట్లా వేళ్లూనుకొంది. అయితే వంతెనలు కట్టడానికి, కందకాలు తవ్వడానికి, బావులు తీయడానికి మాత్రం మనవాళ్లు కావలసివచ్చారు. బెంగుళూరు కేంద్రంగా ఉండే మద్రాసు సాపర్లు కొనసాగారు. తూటా కాల్చడానికి పనికిరానివాడు తూటాలు కురుస్తున్నప్పుడు నదిమీద పడవల వంతెన కట్టడానికి పనికొచ్చాడన్నమాట!

ఇక 1914 వచ్చేసరికి సిద్ధాంతాలు చెప్పుకొనే తీరిక లేకపోయింది. మనుషులు కావాలి. పంజాబు నుంచి అందరికంటె ఎక్కువమంది వెళ్లినమాట నిజమే, కాని మన జిల్లాలూ ఊరుకోలేదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి ఆ యుద్ధానికి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి 1,110 మంది వెళ్లారని ఆ ఊరివాళ్లు చెబుతారు. దాన్ని మిలిటరీ మాధవరం అనడం మీరందరూ వినే ఉంటారు. హైదరాబాదు సంస్థానం నుంచి అశ్విక దళం ఈజిప్టుకు, పాలస్తీనాకు వెళ్లింది. ఢిల్లీలో తీన్‌మూర్తి భవనం ఎదుట నిలబడిన మూడు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు రౌతులవి. ఆ ముగ్గురిలో ఒకడు మనవాడని ఢిల్లీ వెళ్లి ఫొటోలు తీసుకొని వచ్చేవారిలో ఎంతమందికి తెలుసు?

ఎందుకు వెళ్లారు? ఈ ప్రశ్న నన్ను పిల్లలు ప్రతి ఏడాదీ అడిగేవారు. రాజభక్తి అని పాతకాలపు పుస్తకాలు రాశాయి, బలవంతం అని కొత్త పుస్తకాలు రాశాయి. నాకు తోచినది చెబుతాను. సిపాయి జీతం నెలకు పదకొండు రూపాయలు. వానలు పడకపోయినా వచ్చే పదకొండు రూపాయలు. అప్పు ఉన్న ఇంట్లో రెండో కొడుకుకు ఆ మాట చాలు. కొందరిని ఊరి పెద్దలు ఒత్తిడి పెట్టి పంపారు, కొందరు ఇంట్లో తగవు పడి వెళ్లారు, కొందరు పటాలం బట్టలు చూసి వెళ్లారు. మొత్తం మీద మన దేశం నుంచి పది లక్షలకు పైగా మంది సముద్రం దాటి వెళ్లారు, 74 వేలమందికి పైగా తిరిగి రాలేదు.

ఆ పది లక్షలమంది అన్ని వైపులకూ వెళ్లారు. ఫ్రాన్సుకు వెళ్లినవారి గురించి మనకు కొంత తెలుసు, ఎందుకంటే వాళ్లు ఇంటికి రాయించుకొన్న ఉత్తరాలను సెన్సారు అధికారులు తెరిచి, ఇంగ్లీషులోకి మార్చి, దస్త్రాల్లో పెట్టుకొన్నారు. నల్లమిరియాలు, ఎర్రమిరపకాయలు అంటూ అక్కడి సిపాయిలు సంకేతాల్లో రాసేవారు. నల్లమిరియాలంటే మనవాళ్లు, ఎర్రమిరపకాయలంటే తెల్లవాళ్లు. నల్లమిరియాలు అయిపోవస్తున్నాయని రాస్తే, ఇంకెవరినీ పంపకండి, ఇక్కడ మనవాళ్లందరూ చచ్చిపోతున్నారని అర్థం. వంటింటి మాటల్లో చావు కబురు పంపవలసి రావడం ఎటువంటి స్థితో ఆడవాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు.

కాని అందరికంటె ఎక్కువమంది వెళ్లింది మెసపొటేమియాకు. యుద్ధం ముగిసేలోగా అక్కడికి మన దేశం నుంచి ఐదు లక్షలకు పైగా మనుషులు చేరారు. వాళ్లందరూ తుపాకి పట్టినవాళ్లే అనుకోకండి. కంచరగాడిదలు తోలేవాళ్లు, డోలీలు మోసేవాళ్లు, నీళ్ల తిత్తులు మోసేవాళ్లు, వంటవాళ్లు, పాకీపనివాళ్లు, రేవులో మూటలు దించే కూలీలు, అంతమందీ కలిస్తే ఆ లెక్క. దస్త్రాల్లో వీళ్లను అనుచరులని రాశారు. వెంట నడిచేవాళ్లని. కాని కలరా వచ్చినప్పుడు, ఎండదెబ్బ కొట్టినప్పుడు, వీడు సిపాయి, వీడు అనుచరుడు అని చూసి కొట్టలేదు.

ఆ యుద్ధభూమి ఎట్లా ఉండేదో కొంచెం ఊహించండి. మన రోహిణికార్తె ఎండను రెట్టింపు చేయండి, చెట్టు నీడ తీసేయండి, వానాకాలంలో అదే నేలను మోకాళ్లలోతు బురద చేయండి, ఈగలను కలపండి. 1915 నవంబరులో బ్రిటిషు జనరల్ టౌన్షెండ్ సేన బాగ్దాదు చేరువలోని టెసిఫాన్ దాకా వెళ్లి, దెబ్బతిని వెనక్కి మళ్లింది. గాయపడినవాళ్లను స్ప్రింగులు లేని బండ్లలో, ఎముకలు విరిగిన కాళ్లతో, గతుకుల నేలమీద నది ఒడ్డుకు తోలారు. అక్కడ పడవల్లో ఒకరి పక్కన ఒకరిని పడేసి, మందూ మాకూ లేకుండా రోజుల తరబడి బస్రా రేవుకు పంపారు. ఇది నేను ఆవేశంతో అంటున్న మాట కాదు. 1917లో బ్రిటిషు పార్లమెంటు ముందుకు వచ్చిన విచారణ సంఘం నివేదికే ఈ దుస్థితిని బయటపెట్టింది, దానితో భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. మంత్రి రాజీనామా చరిత్రలో ఉంది. ఆ బండ్లలో పడుకొన్నవాడి పేరు లేదు.

వెనక్కి మళ్లిన సేన టైగ్రిస్ నది వంపులోని కూట్ అనే చిన్న పట్టణంలో చిక్కుకొంది. 1915 డిసెంబరు మొదలు 1916 ఏప్రిల్ 29 దాకా, జర్మనీ పక్షాన ఉన్న తురుష్క సేన ముట్టడి సాగింది. ఇక్కడ నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే సామాన్య సిపాయి కష్టం ఏమిటో కూట్‌లో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. తిండి అయిపోయింది. గుర్రాలను, కంచరగాడిదలను కోసి మాంసం పంచారు. తెల్ల సిపాయి తిన్నాడు. మన సిపాయి చాలాకాలం ముట్టలేదు. ఎందుకు ముట్టలేదు? మూర్ఖత్వమా? ఇంగ్లీషు అధికారులు కొందరు అట్లాగే రాసుకొన్నారు. కాని వాడి లెక్క వేరే ఉంది. ఇవాళ ఈ మాంసం తింటే నేను బతుకుతాను, బతికి ఊరికి వెళితే నన్ను పంక్తిలో కూర్చోనిస్తారా? నా కూతురికి సంబంధం వస్తుందా? చివరికి వైర్‌లెస్ ద్వారా మన దేశంలోని మతపెద్దల అనుమతి తెప్పించి చదివి వినిపించారు. అప్పటికి చాలామందికి పళ్ల చిగుళ్లు చెడి, స్కర్వీ ముదిరి, లేవలేని స్థితి వచ్చింది. వాడు తుపాకిగుండుకు భయపడలేదు, ఊరివాళ్ల మాటకు భయపడ్డాడు. అంటే, రెండు వేల మైళ్ల దూరంలో కూడా వాడు తన ఊళ్లోనే బతుకుతున్నాడు. ఊరు మాత్రం వాడిని ఎంతకాలం గుర్తుపెట్టుకొంది?

కూట్‌లో దాదాపు 13 వేలమంది లొంగిపోయారు, వాళ్లలో అత్యధికులు మనవాళ్లు. మామూలు సిపాయిలను ఎడారి గుండా ఉత్తరానికి నడిపించి రైలుమార్గం పనుల్లో పెట్టారు. వేలమంది ఆ దారిలోనూ ఆ పనుల్లోనూ పోయారు. సేనాధిపతి టౌన్షెండ్‌ను ఇస్తాంబుల్ దగ్గరి ఒక ద్వీపంలో మర్యాదగా ఉంచారు. దానిమీద నేను వ్యాఖ్యానించను.

ఇప్పుడు ఇంటి వైపు తిరుగుదాం. మనిషి ఇంట్లో పోతే ఏం చేయాలో మనకు తెలుసు. ఎవరు తలకొరివి పెట్టాలో, పదో రోజు ఏం చేయాలో, పన్నెండో రోజు ఎవరిని పిలవాలో పెద్దవాళ్లు చెబుతారు. మనిషి ఎక్కడో పోయి శవం రాకపోతే? దానికీ మనవాళ్లు దారి పెట్టారు, దర్భలతో బొమ్మ చేసి దానికి దహనం చేస్తారు. అసలు పోయాడో లేదో తెలియకపోతే పన్నెండేళ్లు ఎదురుచూడమన్నారు. పన్నెండేళ్లు, అమ్మా! ఆ పన్నెండేళ్లు ఆ ఇల్లాలు బొట్టు పెట్టుకోవాలా, తీసేయాలా? పెట్టుకొంటే ఒక మాట, తీసేస్తే ఇంకో మాట. ఇంతకూ ఈ కర్మకాండలన్నిటిలో దేహం లేకపోయినా గడుస్తుంది, బూడిద లేకపోయినా గడుస్తుంది, గడవనిది ఒక్కటే. పేరు. గోత్రం చెప్పి, పేరు చెప్పి, అప్పుడు నువ్వులు నీళ్లు వదులుతాం. పేరు లేకపోతే ఆ నీళ్లు ఎవరికి చేరాలి? తక్కిన మతాలవాళ్లకూ అంతే, ఫాతిహా చదివేటప్పుడూ సమాధి ముందు ప్రార్థన చేసేటప్పుడూ మనిషి పేరుతోనే అడుగుతారు. పోయినవాడికి బతికినవాళ్లు చేయగలిగినది పేరు పలకడమే.

ఈ సంగతి బ్రిటిషువాళ్లకు తెలియదా? తెలుసు, బాగా తెలుసు. 1917 మే నెలలో రాజశాసనంతో వాళ్లు ఒక సమాధుల సంఘాన్ని స్థాపించారు, ఇప్పుడు దాన్ని కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ అంటున్నారు. దానికి ప్రాణం పోసిన ఫాబియన్ వేర్ అనే ఆయన పెట్టుకొన్న నియమం చాలా గొప్పది, నేను మనసారా మెచ్చుకొంటాను. చనిపోయిన ప్రతి మనిషికీ పేరుతో గుర్తు ఉండాలి. సమాధి దొరికితే రాతిమీద, దొరకకపోతే స్మారకం గోడమీద. జనరల్ అయినా జవాను అయినా ఒకే కొలత రాయి. హోదా, జాతి, మతం తేడా లేదు. ఫ్రాన్సులో ఆ మాట నిలబెట్టుకొన్నారు కూడా. 1927లో న్యూవ్ షాపెల్‌లో భారత సైనికులకు ప్రత్యేకంగా స్మారకం కట్టి, 4,700 పైచిలుకు పేర్లు చెక్కారు. ఎవరైనా వెళ్లి, వేలితో తడిమి, ఇదిగో మా తాతయ్య అనుకోవచ్చు.

మరి బస్రాలో? 1929లో అక్కడ స్మారకం కట్టారు. సమాధి దొరకని 40 వేలమందికి పైగా మనుషుల కోసం కట్టారు. పొడవాటి గోడలు, తెల్లటి రాతి పలకలు. బ్రిటిషు సిపాయి పేరు ఉంది. బ్రిటిషు అధికారి పేరు ఉంది. భారతీయ అధికారుల పేర్లు, సుబేదారు, జమేదారు హోదావాళ్ల పేర్లు ఉన్నాయి. ఆ తర్వాత మన మామూలు సిపాయి దగ్గరికి వచ్చేసరికి పటాలం పేరు కింద, వీరు కాక ఇతర హోదాల భారతీయ సైనికులు ఇంతమంది అని ఒక అంకె వేసి వదిలేశారు. ఒక్క పటాలానికి కాదు, వరసగా అన్ని పటాలాలకూ అంతే. తెల్ల సిపాయి ఆ గోడమీద మనిషి, మన సిపాయి ఆ గోడమీద కూడిక.

పేర్లు తెలియక వేయలేదా? అది న్యాయమైన ప్రశ్నే. కాని నెలనెలా జీతం ఇచ్చిన ప్రభుత్వానికి, వితంతువుకు పించను కట్టిన ప్రభుత్వానికి పేరు తెలియదంటే నమ్ముదామా? జీతం పట్టీలో పేరు లేకుండా పదకొండు రూపాయలు ఎవరికి ఇచ్చారు? ఫ్రాన్సు గోడకు దొరికిన పేర్లు బస్రా గోడకు ఎందుకు దొరకలేదు? ఫ్రాన్సుకు చూడడానికి ప్రపంచం వస్తుంది, బస్రాకు ఎవరొస్తారు? నా మటుకు నాకు తేడా అక్కడే కనిపిస్తుంది. ఇది మరచిపోవడం కాదండీ, నిర్ణయం.

తూర్పు ఆఫ్రికాలో మూటలు మోసి చచ్చిన వేలాది నల్లజాతి కూలీల విషయంలో ఇంతకంటె ఘోరంగా చేశారు. 2021 ఏప్రిల్‌లో ఆ కమిషనే ఒక నివేదిక వెలువరించి తప్పు ఒప్పుకొంది. భారతీయులు, ఆఫ్రికావాసులు, ఈజిప్షియన్లు మొదలైనవారిలో 45 వేలనుంచి 54 వేలమందిని తక్కినవారితో సమానంగా స్మరించలేదని, వీరు కాక కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది దాకా పేరుతో గాని, అసలు ఏ విధంగా గాని స్మరణకు నోచుకోలేదని, ఇందుకు ఆనాటి జాత్యహంకారం కారణమని రాసుకొంది. బ్రిటన్ రక్షణమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. నూటికి దగ్గరపడిన ఏళ్ల తర్వాత! ఆ మధ్యకాలంలో బస్రా స్మారకాన్ని కూడా ఉన్నచోట ఉండనివ్వలేదు. 1997లో సద్దాం హుసేన్ ఆజ్ఞతో రేవు దగ్గరనుంచి రాళ్లన్నీ విప్పి, 32 కిలోమీటర్ల దూరంలో, ఎడారిలో మళ్లీ కట్టారు. అంకె కూడా ఊరు మారింది.

పరాయివాళ్లను మాత్రమే అనడం నాకు ఇష్టం లేదు. ఇండియా గేటు మీద ఆ యుద్ధంలో పోయినవాళ్లందరి పేర్లూ ఉన్నాయని మనం పిల్లలకు చెబుతాం. నేనూ కొన్నేళ్లు తరగతిలో అట్లాగే చెప్పాను, ఒప్పుకొంటున్నాను. అక్కడ ఉన్నవి 13 వేల పైచిలుకు పేర్లు. ఇక మన దేశపు పల్లెల్లో చాలాచోట్ల చావడి గోడకో బడి గోడకో ఆనాటి ప్రభుత్వం పెట్టిన చిన్న పాలరాతి పలకలు ఉంటాయి. ఈ గ్రామం నుంచి 1914–1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలర్పించారు అని వాటిమీద ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. అక్కడా అంకెలే. బస్రా ఎడారిలో పేర్లు తెలియవంటే ఒక మాట. ఊరి నడిబొడ్డున, వాడి అన్నదమ్ములు రోజూ నడిచే దారిలో, అంకె వేసి వెళ్లారు, ఊరు చూస్తూ ఊరుకొంది. పక్కన బొగ్గుతోనైనా ఎవరూ పేరు రాయలేదు. ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో స్వతంత్ర భారత సైనికులవి 25 వేలకు పైగా పేర్లు, జవాను పేరు కూడా విడిగా, రాతిమీద చెక్కి ఉన్నాయి. చేయదలచుకొంటే చేయవచ్చు.

ఇక నేను ఈ విషయం పట్టుకొని ఇన్నేళ్లు ఎందుకు తిరుగుతున్నానో చెప్పి కూర్చుంటాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో గోదావరి లంక గ్రామం ఒకదానిలో ఉండేవాడిని. అప్పటికి అరవై దాటిన ఒక పెద్దావిడ, నా దగ్గర చదివే కుర్రవాడి నాయనమ్మ, మంచినీళ్ల చెంబు మీద మూతగా పెట్టుకొన్న ఒక గుండ్రటి కంచు బిళ్ల తెచ్చి, దీనిమీద ఏం రాసుందో చదివిపెట్టు బాబూ అంది. జానెడుకు తక్కువ, అరచేతికి కొంచెం ఎక్కువ. ఒక స్త్రీమూర్తి, ఒక సింహం, చుట్టూ అక్షరాలు. బ్రిటిషు ప్రభుత్వం యుద్ధంలో పోయినవాళ్ల ఇళ్లకు పంపిన బిళ్ల అది, 13 లక్షలకు పైగా పోతపోశారు. స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం ఇతడు మరణించెను అని దానిమీద ఉంటుంది. మనదేశపు సిపాయి ఎవరి స్వేచ్ఛ కోసం మరణించాడన్నది మీరు ఇంటికి వెళ్లాక ఆలోచించుకోండి. అయితే ఆ బిళ్లలో ఒక మంచి ఉంది. దానిమీద కావాలనే హోదా వేయలేదు, చావులో అందరూ సమానమని. పేరు మాత్రమే ఉంటుంది. గోడమీద లేని పేరు ఆ ఇంట్లో చెంబుమీద ఉంది, యాభై ఏళ్లుగా, చదవగలిగినవాళ్లు లేక.

ఆవిడకు అయిదో ఏట తండ్రి బస్రాకు వెళ్లాడట. మొహం గుర్తులేదు. వాళ్ల పేర్లు చెప్పవద్దని ఆ ఇంటివాళ్లు కోరారు కాబట్టి నేను చెప్పను. ఇంతసేపూ పేర్ల గురించి మాట్లాడి, తీరా పేరు దగ్గరికి వచ్చేసరికి దాచేస్తున్నానని మీరు నవ్వుకోవచ్చు.

బిళ్లమీద పేరు ఉన్నచోట అక్షరాలు బాగానే ఉన్నాయి, అరిగిపోలేదు. కాని ఏ గుమాస్తా ఏ చెవితో విని రాశాడో, ఆ ఇంగ్లీషు అక్షరాలను రెండు మూడు పేర్లుగా చదవవచ్చు, అందులో ఇంటిపేరు ఏదో పెట్టినపేరు ఏదో కూడా తెలియదు. నేను కాసేపు తడుముకొన్నాను. ఆవిడ నా మొహంకేసే చూస్తోంది. మీ నాన్నగారి పేరేమిటమ్మా అని అడిగాను. చెప్పింది. అవునమ్మా, అదే ఉంది, అని ఆవిడ వేలు పట్టుకొని ఆ అక్షరాల మీద పెట్టాను.